ఱంపము వెలయు, మూలల లెక్కయు

అమరకోశమున ఱంపమునకు క్రకచమనియు, కరపత్రమనియు పేళ్లు కలవు. బాల్యమున మా తండ్రిగారు ఆ పేళ్లను వల్లె వేయించునప్పుడు రెండవది వినగనే మాకు నవ్వు వచ్చెడిది. ఏలయన, సంతలో పంచిపెట్టు అచ్చుకాగితమును గూడ లోకులు కరపత్రమనియే యందురు. ఇన్నేండ్లకు ఆ రెండు కరపత్రములును ఒక్కటిగా గూడి మా వాకిటికి వచ్చినవి. గత శ్రావణమున నొక మధ్యాహ్నము, మా వీధి చివర నుండు వడ్రంగి యిల్లాలు రంగురంగుల అచ్చుకాగితము నొకదానిని చేత బట్టుకొని వచ్చి, మా యరుగుమీద గూర్చుండెను. కాగితము మీద ఒక ఱంపపు యంత్రము బొమ్మ. వెనుకవైపున అంగడివాడు పెన్సిలుతో వ్రాసిన అంకె లక్షకు కొంచె మెక్కువగా నుండెను.

"అక్కా, గీ మిషన్ కొంటనంటున్నడు. గాజులు కుదువ పెడ్దమంటున్నడు. పెట్టాల్నా, వద్దా? సారు లెక్కలు చెప్తడు గద, జర అడిగి చెప్పు" అని యామె పలికెను. పలుకుచున్నంతసేపును ఎడమచేతితో కుడిచేతి గాజులను త్రిప్పుచునే యుండెను.

సోదరీమణులారా, ఱంపము మనకు సంబంధించిన వస్తువు కాదని మీ రీ పుటను త్రిప్పివేయకుడు. పురుషుని పనిముట్టు పేరిట అప్పు పుట్టినప్పుడు, ఆ యప్పు మొదట తాకునది మన వంటింటి డబ్బాలను, మన చేతి గాజులను. వస్తువు గుణమును విమర్శించు భారము కొంత మనపైనను గలదు. మే మీ సంగతి నెరిగినవారము కాము. మూడు నెలలు అడిగి, చూచి, లెక్కవేసి తెలిసికొన్నదానిని వ్రాయుచున్నాము.

మా వర్గల్ సిద్దిపేట జిల్లాలోనిది. 2016వ సంవత్సరమునకు పూర్వము మెదకు జిల్లాలో నుండెను. కొండమీది విద్యాసరస్వతీ దేవాలయము వలన ఈ గ్రామము పేరు దూరదేశములవారును ఎరుగుదురు. ఈ వడ్రంగి తాతతండ్రులు నాగళ్లును, బండిచక్రములును చేసినవారు. నాగలిపని ట్రాక్టరులతో పోయెను. ఇప్పు డాతనికి దర్వాజల చౌకట్లు, కిటికీలు, దేవుని పటములు కట్టుట, అల్మారుల తలుపులకు అంచుపట్టీలు బిగించుట, ఇవియే జీవనాధారము. గజ్వేలు, ములుగు ప్రాంతములయందు పట్టణవాసులు తోటలలో ఇండ్లు కట్టుకొనుచుండుటచే పని పెరిగినమాట నిజము. అట్టి యొక యింటిలోనే ఆతనికి అవమానము జరిగెను. పండ్రెండు కిటికీలకు బిగించిన పట్టీలలో మూలలు విచ్చియున్నవని యజమాని వ్రేలితో చూపి, అన్నింటిని ఊడదీయించెను. నాలుగు దినముల కూలియు, టేకు పట్టీలును నష్టము. ఆ రాత్రి ఆతడు అన్నము తినలేదని యామె చెప్పెను. అచ్చుకాగితము ఇంటికి వచ్చినది ఆ మరునాడే.

మూల విచ్చుట యనగా నేమో ముందు చెప్పెదము. బల్లగుడ్డకు నాలుగువైపుల అంచు కుట్టునప్పుడు, మూలవద్ద రెండు అంచులను ఏటవాలుగా మడిచి కలుపుదుము గదా. ఆ మడత సరిగా 45 డిగ్రీలు కావలెను. ఏమాత్రము తప్పినను మూల ముడుతపడును. గుడ్డ మెత్తనిది గనుక లాగి సర్దుకొందుము. కొయ్య సర్దుకొనదు. పటమునకు నాలుగు పట్టీలు, ఎనిమిది కోతలు. ఒక్కొక్క కోతలో అర డిగ్రీ తప్పు వచ్చినదనుకొందము. చూపున కది తెలియనే తెలియదు. ఎనిమిది అరలు కలిసి నాలుగు డిగ్రీలగును. మూడు మూలలను గట్టిగా బిగించినచో ఆ తప్పంతయు నాలుగవ మూలకు చేరును. పట్టీ వెడల్పు 60 మిల్లీమీటర్లైన, ఏటవాలు కోత పొడవు 85 మిల్లీమీటర్లు. దానికి నాలుగు డిగ్రీల యెడము చివర దాదాపు 6 మిల్లీమీటర్లు. అందులో చిటికెనవ్రేలి గోరు దూరును. కోతకు పావు డిగ్రీ తప్పైన 3 మిల్లీమీటర్లు. లెక్కల పంతులైన మావారు దీనిని పలకమీద గీసి చూపువరకు మేమును నమ్మలేదు. అంతవరకు మూల విచ్చుట చేతివాటపు లోపమనియే మా తలంపు.

చేతితో ఈ కోత కోయుటకు పూర్వమునుండి ఒక ఉపాయము గలదు. మూడు పలకలతో తొట్టివలె చేసిన చిన్న పెట్టె. దాని గోడలలో 45 డిగ్రీల గాడులుండును. పట్టీని పెట్టెలో నుంచి, గాడిలో ఱంపమును నడపి కోయుదురు. పెట్టె క్రొత్తదిగా నున్నంతకాలము కోత చక్కగా నుండును. ఱంపపు పండ్లు గాడులను దినదినము కొరుకుచుండుటచే అవి వెడల్పై, ఱంపము అటునిటు ఊగజొచ్చును. మా వడ్రంగి పెట్టె ఆతని తండ్రినాటిది. గాడిలోనికి మా చూపుడువ్రేలు పోయెను! పండ్రెండు కిటికీల దోషము సగము ఆ పెట్టెదే యని మాకు తరువాత తోచెను.

యంత్రము సంగతి. గుండ్రని ఱంపపు బిళ్ల మోటారు బలమున గిఱ్ఱున తిరుగుచుండగా, పిడిని పట్టి క్రిందికి వంచినచో బల్లపై నున్న కొయ్య తెగును. బల్లను కుడియెడమలకు త్రిప్పి కావలసిన కోణమున నిలుపవచ్చును. యంత్రపు తలను ప్రక్కకు వాల్చియు కోయవచ్చును. జారుపట్టాలు గలదానియందు తలను ముందునకు వెనుకకు నడపి వెడల్పు పలకలను గూడ కోయవచ్చును. దీనినే మైటర్ సా యందురు; మా వైపు పనివారు కటింగు మిషన్ అని సరిపెట్టుకొందురు. గుండ్రని ఱంపమును అమెరికాలో తబితా బాబిట్ అను స్త్రీ 1813లో, రాట్నము తిరుగుట చూచి కనిపెట్టెనని యొక కథ గలదు. విన నింపైన కథయే గాని, ఇంగ్లండులో సామ్యూల్ మిల్లర్ అనునతనికి అట్టి యంత్రముమీద 1777లోనే పేటెంటు దొరికియుండెను గనుక మన యాడువారి ఖాతాలో వ్రాసికొనుటకు వీలులేదు.

ఈ యంత్రములలో చిన్నవియు నున్నవి, పెద్దవియు నున్నవి. చిన్నవానిలోనే మిక్కిలి వెలగలవి కొన్ని గలవు. 1925లో స్థాపితమైన జర్మనీదేశపు ఫెస్టూల్ కంపెనీవారి కె.ఎస్. 60 అనునది ఆ తరగతిలో పేరుపొందినది. బిళ్ల వ్యాసము 216 మిల్లీమీటర్లు, మోటారు 1200 వాట్లు, బరువు 17.8 కిలోలు. నిమిషమునకు 1300 మొదలు 3500 చుట్లవరకు వేగమును మార్చుకొనవచ్చును. నిలువుకోతలో 305 మిల్లీమీటర్ల వెడల్పును, 60 మిల్లీమీటర్ల మందమును గల కొయ్యను కోయును. ఇంత వెల దేనికని మేము విచారింపగా తెలిసినది ఇది. సామాన్యమైన జారుడు యంత్రమునకు పట్టాలు వెనుకకు పొడుచుకొని వచ్చును గనుక గోడకు దూరముగా నుంచవలెను. దీనికి పట్టాలు ముందువైపున కదలక నిలిచియుండుటచే గోడకు ఆనించి పెట్టవచ్చును. ఇరుకు గదిలో పనిచేయువారికి ఇది చిన్న సుఖము కాదు. బిళ్ల నీడ కొయ్యపై గీతవలె పడునట్లు దీపము నమర్చిరి. ఆ నీడగీత యెక్కడనో కోత అక్కడనే. అన్నింటికంటె ముఖ్యమైనది, తలను ఎంత లాగినను ఊగకుండుట.

ఆ ఊగుట యేమో కన్నులార చూడవలెనని మేము సికిందరాబాదు రాణీగంజునకు వెళ్లితిమి. మావారు, వడ్రంగి, ఆతని యిల్లాలు, మేము, నలుగురమును బస్సెక్కితిమి. పనిముట్ల యంగళ్లలో ఆడువారిని చూచి కుఱ్ఱవాండ్రు కొంత వింతపడిరి. మా సంచిలో మా వడ్రంగి చిత్రికపట్టి తెచ్చిన టేకు పట్టీలు, ఆతని మూలమట్టము నుండెను. సరుకు కొనబోవునప్పుడు అంగడివాడు కోసి చూపు మెత్తని కొయ్యను నమ్మరాదు. మన కొయ్యను మనము తీసికొనిపోవలెను.

పరీక్ష యిట్లు చేసితిమి. ఒక పట్టీని నిలువుగా కోసి, రెండు ముక్కలలో నొకదానిని వెల్లకిల త్రిప్పి, రెంటిని తిన్నని అంచున కానించి చేర్చిచూచిన, కోత తప్పు రెండింతలై కనబడును. తప్పు లేనిచో వెలుతురు దూరదు. తరువాత నాలుగు పట్టీలను 45 డిగ్రీలకు కోసి, జిగురు లేకయే నేలపై చట్రముగా పేర్చి, నాలుగవ మూలను చూచితిమి. వెలగల యంత్రము కోసిన చట్రమున కాగితమైనను దూరలేదు. దాని వెలలో మూడవవంతు, అనగా 35,000 రూపాయలు చెప్పిన మధ్యరకపు యంత్రము కోసినదానిలో నాలుగవ మూల కొంచెము విచ్చి, కోత అంచు గరుకుగా నుండెను. వడ్రంగి ముఖము వెలిగినది. "చూసినవా!" యని భార్యవైపు తిరిగెను.

కాని మా వడ్రంగి నిజాయితీగలవాడు. ఆతడే వంగి బిళ్ల పండ్లు లెక్కించెను. మధ్యరకపుదానికి కంపెనీవారు తగిలించి యిచ్చినది 24 పండ్ల బిళ్ల. అది త్వరగా కోయుటకే గాని నున్నగా కోయుటకు గాదు. అంగడివానిని బ్రతిమాలి 60 పండ్ల బిళ్లను తగిలింపజేసి, మూలమట్టముతో కోణపు గుర్తును సరిచేసి మరల కోసినప్పుడు, రెండు చట్రములలో నేది దేనిదో మావారు గుర్తింపలేకపోయిరి. వడ్రంగి మాత్రము వ్రేలితో తడిమి చెప్పెను. వెడల్పు పలకను కోయుటకు తలను పూర్తిగా ముందుకు లాగినప్పుడు మధ్యరకపుదానిలో స్వల్పమైన ఊగుట చేతికి తగిలినది. సన్నని పట్టీలకు లాగవలసిన పని లేదు గనుక అది అడ్డము రాదు. కావున ఆ మూడింతల వెలలో కొంతభాగము కేవలము బిళ్లకు సంబంధించినదని మేము గ్రహించితిమి. బిళ్లను వేరుగా కొనవచ్చును.

ఇంతలో మేము తలంపని సంగతి యొకటి బయటపడెను. మా గ్రామమున దర్వాజ చౌకట్లకు వాడు కొయ్య సాధారణముగా 5 అంగుళముల వెడల్పు, 3 అంగుళముల మందము. చిన్న యిండ్లకు మందము రెండున్నర అంగుళములు. రెండున్నర అంగుళములనగా 63.5 మిల్లీమీటర్లు. యంత్రము కోయు మందము 60! లక్ష పెట్టి కొన్న యంత్రము మూడున్నర మిల్లీమీటర్లు తక్కువై, ఇంటి ముఖ్యమైన పనికే చేతులెత్తివేయును. కొయ్యను త్రిప్పి రెండుసార్లుగా కోయవచ్చునన్నారు. త్రిప్పినచోట మెట్టువలె అంచు మిగులును. అదియునుగాక చౌకట్లకు ఏటవాలు మూలలే అక్కరలేదు. కుసిని బెజ్జములో బిగించుటయే మన పద్ధతి. అచ్చుకాగితమున ఈ 60 అంకె వ్రాసియే యున్నది. చదివినవారమే గాని ఇంటి చౌకటుతో పోల్చిచూచినవారము కాము. వస్తువు కొలతలను మన యింటి కొలతలతో సరిచూడకుండ వెలను గూర్చి తర్కించుట, పాదము కొలువకయే చెప్పు బేరమాడుట వంటిది.

తిరుగు ప్రయాణమున వడ్రంగి మాటలాడలేదు. కొంతదూరము వచ్చినపిదప, "పొడి సంగతి యేమాయె సారూ?" యని యడిగెను. ఆ ప్రశ్న మామూలుది గాదు. ఆతనికి రెండేండ్లుగా దగ్గు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 1995లో కొయ్యపొడిని మనుష్యులకు కేన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చినది. ముక్కులోపలి భాగములకు దానివలన ముప్పని తేలినది. ఎం.డి.ఎఫ్. పలకల పొడిలో జిగురుకు వాడు ఫార్మాల్డిహైడు అను విషపదార్థము గూడ నుండును. యంత్రము చేతిఱంపముకంటె మెత్తని పొడిని ఎక్కువ దూరము చిమ్మును. వెలగల యంత్రములలో పొడిని పీల్చు మార్గము మేలుగా నుండునన్నమాట నిజమే. అయితే ఆ మార్గమునకు తగిలించు పీల్పుడు యంత్రము వేరు. దానికి వెల వేరు. అది లేక సంచి యొక్కటే తగిలించిన, పొడి కొంత సంచిలోనికి, కొంత ఊయలలోని బిడ్డ మీదికి. వారి పనిచోటు ఇంటి ముందరి రేకుల పందిరియే. లక్షయను అంకెలో ఇది చేరలేదు. నున్నకోతల బిళ్ల చేరలేదు, దానిని మరల మరల పదును పెట్టించు కూలియు చేరలేదు.

ఇక మూలల లెక్క. ఇది మావారిది గాదు, మాది. ఆ యిల్లాలు ఏడవ తరగతివరకు చదివినది. భర్త పనుల జమాఖర్చు పిల్లవాని పాత నోటుపుస్తకములో వ్రాసిపెట్టును. ఆ పుస్తకమును తెమ్మని, ఇద్దరమును మా వంటింటి గడపలో గూర్చుండి, గడచిన ఆరు నెలలలో ఏటవాలు కోత కావలసిన పనులను మాత్రము ఏరితిమి. దేవుని పటములు 30. పటమునకు నాలుగు చొప్పున 120 మూలలు. అల్మారు తలుపులు 36, వానికి 144. మొత్తము 264. నెలకు 44 మూలలు. అంతే! పండ్రెండు కిటికీలను లెక్కలో వేయలేదు. వాని మూల్యము రాలేదు గదా.

లక్ష రూపాయలు ఎక్కడనుండి తేవలెను? గాజులు కుదువ పెట్టుటకు ముందు చూడవలసిన దారి యొకటి గలదు. 2023 సెప్టెంబరు 17వ తేదీన కేంద్రప్రభుత్వము ప్రారంభించిన పి.ఎం. విశ్వకర్మ పథకమున 18 చేతివృత్తులు చేరినవి. వడ్రంగము వానిలో నున్నది. 5 మొదలు 7 దినముల శిక్షణ, దినమునకు 500 రూపాయల భత్యము, పనిముట్ల నిమిత్తము 15,000 రూపాయలవరకు ప్రోత్సాహకము, పిమ్మట పూచీకత్తు లేకుండ మొదటివిడత లక్ష రూపాయలవరకు అప్పు, వడ్డీ నూటికి సాలుకు 5, తీర్చుగడువు 18 నెలలు. అది సక్రమముగా తీర్చినవారికి రెండవవిడత రెండు లక్షలవరకు, 30 నెలల గడువుతో. ఒక కుటుంబమున ఒక్కరికే ఈ సాయము లభించును. కావున తండ్రి పేరిటనో కుమారుని పేరిటనో ముందుగా తేల్చుకొనవలెను. వడ్డీవ్యాపారి గడప తొక్కుటకంటె ఇది వేయిరెట్లు మేలు. అయినను అప్పు అప్పే.

లక్షకు 5 వంతున 18 నెలలు తీర్చుటకు నెలసరి వాయిదా దాదాపు 5,780 రూపాయలు. 44 మూలలకు పంచిన మూలకు 131. పటము కట్టినందులకు కొయ్య, అద్దము పోగా ఆతనికి మిగులు కూలి 200. అనగా మూలకు 50. ఏబది సంపాదించుటకు నూటముప్పదియొకటి! ఆ అంకె చూడగనే ఆ యిల్లాలు కొంగు నోటి కడ్డము పెట్టుకొన్నది. నవ్వో, ఏడ్పో మాకు తెలియలేదు.

ఇచట మావారు ఆక్షేపించిరి. యంత్రము పదునెనిమిది నెలలతో చెడిపోదు గదా, పదియేండ్లు నిలిచిన 5,280 మూలలకు మొత్తము 1,04,000 పంచినచో మూలకు 20 రూపాయలకు లోపే యగును గదా యని వారి వాదము. లెక్క తప్పు గాదు. కాని పదియేండ్ల సగటుతో ఈ నెల బియ్యము రావు. ఆ పదునెనిమిది నెలలు దాటవలసినది ఇల్లాలు. దాటినపిదప చవక యగుట యంత్రమునకు కీర్తియే గాని, నడుమ పిల్లవాని బడి మానిపించినచో ఎవరి ఖాతాలో వ్రాయుదుము? మావారు మారు పలుకక పలకను తుడిచివేసిరి.

కాలము మిగులునన్న వాదమును గూడ తూచితిమి. పెట్టెతో కోసి, చిత్రికతో సరిచేసి మూల కలుపుటకు ఆతనికి తొమ్మిది నిమిషములు పట్టుచున్నదని మా గడియారముతో చూచితిమి, యంత్రముతో రెండు. నలువదినాలుగు మూలలమీద మిగులునది నెలకు అయిదు గంటలు. ఒక్క దినమైనను గాదు.

అట్లైన వెలగల యంత్రము ఎవరికిని తగదా? తగును. హైదరాబాదులో దినమున కొక యింటికి యంత్రమును మోసుకొనిపోయి, దినమెల్ల పట్టీలు, అంచులు బిగించు పనివారున్నారు. ఎక్కి దిగి, బండిలో కుదుపులు తిని మరునాడును కోణము చెదరకుండుట వారికి కూడు. యజమాని యింటిలో పొడి చిమ్మకుండుట వారికి పేరు. నెలకు 116 మూలలకు మించి పని గలవానికి, మూలకు ఏబది చొప్పున, అప్పుకాలమునందు సైతము ఆ యంత్రము తన తిండి తాను సంపాదించుకొనును. మా వడ్రంగికి ఆ దినము రాలేదు. మా తీర్పు ఆ యిల్లాలికి ఇట్లే చెప్పితిమి: యంత్రము మంచిది, వెలకు తగినదే, మీ యింటికి మాత్రము తగినది గాదు, ఇప్పటికి. మధ్యరకపుదానిని కొనుడు. దాని వాయిదా నెలకు సుమారు 2,020, మూలకు 46. ఇదియు ఒంటికాలిమీద నిలుచు లెక్కయే గాని, పండ్రెండు కిటికీలు మరియొకసారి ఊడదీయించుకొనుటకంటె చవక. 60 పండ్ల బిళ్లకు చేతిసొమ్ము వేయుడు. పొడి పీల్చు యంత్రము సమకూరువరకు ముక్కుకు మంచి ముసుగు, ఊయల వెనుకవాకిటికి.

ఆతడు రెండు దినములు మాతో మాటలాడలేదు. మూడవనాడు వచ్చి మావారితో శిక్షణకు దరఖాస్తు వ్రాయించుకొనెను. దగ్గు సంగతి మేమే యెత్తి, ముందు ప్రభుత్వ వైద్యశాలకు పంపితిమి.

యంత్రము వచ్చి నెలన్నర యైనది. పొడవు పట్టీలు కోయునప్పుడు రెండవకొన పట్టుకొనునది ఆ యిల్లాలే గనుక, అట్లు భర్తలకు తోడ్పడు సోదరీమణులకు ఒక్కమాట. కొంగును నడుమునకు బిగింపవలెను. వ్రేలాడు జడను ముడివేయవలెను. తొడుగులు ధరించి పట్టరాదు, అవి బిళ్లకు చిక్కి చేతిని లాగును. బిళ్లకు జానెడు దూరములోనికి చేయి పోనీయరాదు. పిడి వదలినవెంటనే తల నెత్తక, బిళ్ల పూర్తిగా నిలుచువరకు ఆగవలెను. ముక్క ఎగిరి కంటికి తగులుట ఆ క్షణముననే. చిన్న ముక్కను చేతితో పట్టి కోయుట కంటె దానిని పారవేయుట లాభము.

తండ్రినాటి కోతపెట్టెను ఆతడు పారవేయలేదు, ఉలులు పెట్టుకొనుచున్నాడు. నోటుపుస్తకములో ఇప్పుడు "మూలలు" అని యొక క్రొత్త గడి గీచినారు. నూటపదునారు దాటిన నెలలు వరుసగా ఆరు వచ్చినచో వెలగల యంత్రము మాట మరల ఎత్తవచ్చునని భార్యాభర్తలకు ఒప్పందము. నిన్న ఆమె పుస్తకము తెచ్చి చూపెను. కార్తికమున దేవుని పటములు హెచ్చుగా వచ్చినవి; అయినను డెబ్బదియొకటి. గాజులు చేతనే యున్నవి.